ఎత్తితే ఆట అయిపోతుంది

హైటెక్ సిటీలో ఏదైనా పాతబడటానికి తరాలు అక్కర్లేదు, ఏటా వచ్చే అప్రైజల్‌లు రెండు చాలు. మొన్న టీ తాగిన బండి ఉన్నచోట నిన్న గొయ్యి తవ్వుతారు, రేపు అక్కడే ముప్పై అంతస్తులు లేస్తాయి. అలాంటి చోట పదహారేళ్ల కిందటి సెల్‌ఫోన్ ఆట ఒకటి ఇంకా జనాన్ని నవ్విస్తుందని నమ్మిన అమాయకుడు కిరణ్ పాల్.

ఆ ఆట పేరు ‘కిందికి రా సారూ’. 2009లో, ఫోన్లకు ఇంకా బొత్తాలున్న రోజుల్లో, లింగంపల్లిలో ఒక అద్దెగదిలో కూర్చుని కిరణ్ పాల్ ఒక్కడే దాన్ని తయారుచేశాడు. అప్పటికి నర్సాపురం నుంచి వచ్చి రెండేళ్లు. గోదావరి నీళ్లు తాగినవాడికి వెటకారం ఒకరు నేర్పాలా? ఊళ్లో చర్చిలో క్రిస్మస్ నాటకాలకు హాస్యపు ముక్కలు రాసిన చెయ్యి, ఇక్కడ ఉద్యోగం చేస్తూనే ఉద్యోగం మీద వెటకారం మొదలుపెట్టింది.

ఆటలో మనమే సాఫ్ట్‌వేర్ సారు. పొద్దున ఏడింటికి ఆఫీసు క్యాబ్ వస్తుంది. డ్రైవర్ మిస్డ్ కాల్ ఇస్తాడు. మొదటిదానికి తయారవ్వాలి, రెండోదానికి మెట్లు దిగాలి, మూడోదానికి గేటు దగ్గర ఉండాలి. ఈలోగా చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, ఆఫీసు ట్యాగ్ మెడలో వేసుకోవాలి, ‘పదకొండు మందికి పంపకపోతే అరిష్టం’ అని వచ్చిన మెయిల్‌ని పదకొండు మందికీ పంపాలి. దారిలో, ఆన్‌సైట్ పని మీద అమెరికా ప్రయాణం వచ్చే నెలే అని మూడేళ్లుగా చెప్పుకునే సీనియర్ ఎక్కుతాడు. చివర్న క్లయింట్ ఏమడిగినా ‘యా, యా’ అనాలి. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. డ్రైవర్ ఇచ్చిన మిస్డ్ కాల్‌ని ఎత్తకూడదు. ఎత్తామో, అతని ఫోన్లో బ్యాలెన్స్ పోతుంది, మనకు తిట్లు పడతాయి, ఆట అయిపోతుంది.

ఆ తిట్ల కోసమే జనం ఆ ఆట ఆడారు. కావాలని ఎత్తేవాళ్లు. “ఎత్తినవా? ఎందుకెత్తినవ్ సారూ?” అని తెలంగాణ యాసలో డ్రైవర్ మొదలుపెట్టగానే క్యాబుల్లో, క్యాంటీన్లలో పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. బ్లూటూత్ మీద ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా అది జలుబులా పాకింది. తిట్ల చివర ఇంకో రెండు ముక్కలు ఉండేవి కానీ, అప్పటికే నవ్వులు లేచేవి కనుక అవి ఎవరి చెవినా పడలేదు.

ఆ గొంతు నటుడిది కాదు. కిరణ్ పాల్‌ని రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే క్యాబ్ డ్రైవర్ ఐలయ్యది.

ఇప్పుడు కిరణ్ పాల్‌కు నలభై దాటాయి. రాయదుర్గంలో, మెట్రో దిగి ఐదు నిమిషాలు నడిస్తే వచ్చే ఒక టవర్ పదకొండో అంతస్తులో, ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాడు. కంపెనీకి పదేళ్లు నిండిన సందర్భంగా పాత ఆటల్ని కొత్త ఫోన్లలోకి తెద్దామని కంపెనీ పెద్ద పార్థసారథికి ఆలోచన వచ్చింది. “మీ క్యాబ్ ఆట ఉంది కదా, అదీ ఇవ్వండి” అన్నాడు. కిరణ్ పాల్ ఆ మాటకి పెళ్లిపిలుపు అందుకున్నవాడిలా మురిసిపోయాడు. మూడు వారాలు కూర్చుని ఆటని కొత్త ఫోన్‌కి ఎక్కించి, ముందుగా ఆడి చూడమని పక్క సీట్లో ఉండే నవనీత చేతిలో పెట్టాడు. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఆట పుట్టేనాటికి రెండో తరగతో మూడో తరగతో.

నవనీత మొదటి రింగుకే ఫోన్ ఎత్తేసింది. శబ్దం తీసేసి ఉంది కనుక తిట్లు వినపడలేదు. ‘ఆట అయిపోయింది’ అని మాత్రం పడింది.

“ఎత్తకూడదమ్మా” అన్నాడు కిరణ్ పాల్.

“ఫోనొస్తే ఎత్తకుంటే ఎట్ల అన్నా?”

“అది మిస్డ్ కాల్.”

“ఎత్తకముందే మిస్డ్ అని నాకెట్ల తెలుస్తది?”

బ్యాలెన్స్ గురించి చెప్పాడు, ఎత్తితే చేసినవాడికి ఖర్చయ్యేదని చెప్పాడు. వేళాకోళాన్ని విడమరిచి చెప్పాల్సి వస్తే అది వేళాకోళం కాదు, పాఠం. నవనీత బుద్ధిగా తల ఊపుతూ వింది. మెయిల్ పదకొండు మందికి పంపడం దగ్గర “ఇదేమన్న వైరసా?” అని అడిగింది. ఆటలో మెడలో ట్యాగ్‌తోనే పెళ్లికి వెళ్లే సీనియర్‌ని చూసి, “పాపం, మర్చిపోయిండేమో” అంది. రోజూ పొద్దున్నే ఆఫీసుకు ఎందుకు పోవాలో కూడా ఆమెకు సరిగా అర్థం కాలేదు, వారానికి రెండు రోజులు వస్తుంది మరి.

ఒకచోట కంప్యూటరే తన ప్రోగ్రామ్ తను రాసుకుంటుంటే సాఫ్ట్‌వేర్ సారు కాళ్లు చాపుకుని టీ తాగుతుంటాడు. ఆ రోజుల్లో ఆ బొమ్మ చూసి, మరీ చోద్యం కాకపోతే అని పగలబడి నవ్వారు. నవనీత దాన్ని కాసేపు చూసి, “ఇందుల జోకేముందన్నా? మన పని గిదే గదా” అంది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. కానీ పండిన చేను చూసి మళ్లీ ఎవరూ నవ్వరని ఆ సామెత చెప్పదు. తన ఆటలో సగం జోకులు జనం మర్చిపోవడం వల్ల చచ్చిపోతే, మిగతా సగం నిజమైపోవడం వల్ల చచ్చిపోయాయని కిరణ్ పాల్‌కి అర్థమైంది.

ఇక ఆఖరి ఆశగా శబ్దం పెంచి, “ఇప్పుడు కావాలని ఎత్తు” అన్నాడు.

నవనీత ఎత్తింది. “ఎత్తినవా? ఎందుకెత్తినవ్ సారూ? రింగు చూసి దిగుమన్న గని ఎత్తుమన్ననా? ఏం మునిగిపోయిందని ఎత్తినవ్?” అంటూ ఐలయ్య గొంతు లేచింది. కిరణ్ పాల్ పెదవుల మీదికి పాత నవ్వు వచ్చేసింది. నవనీత టక్కున ఆపేసింది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

“ఇందుల ఎవర్ని చూసి నవ్వాలె అన్నా?” అని అడిగింది. “మా నాయిన గిట్లనే మాట్లాడ్తడు. మాది సిద్దిపేట దిక్కు.”

కోపంగా అని ఉంటే సర్దిచెప్పుకునేవాడు. ఆమె మామూలుగా, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. కిరణ్ పాల్ “ఆ రోజుల్లో అలా...” అని ఆగిపోయాడు. ఆ రోజుల్లో అలా నవ్వారన్నది నిజమే. యాస వినపడితే చాలు, మనిషి ఏం చెబుతున్నాడో వినకుండానే నవ్వేవాళ్లు. నవ్వించినవాడు తనే.

సాయంత్రానికి పార్థసారథి కబురు పెట్టాడు. నవనీత రాసిన నివేదిక ఆయన చూశాడు. “ఆ డ్రైవర్ గొంతు తీసేద్దామండీ. ఇప్పుడలాంటివి బాగోవు. మెషీన్‌తో చక్కటి గొంతు చేయిద్దాం, యాప్ మాట్లాడినట్టు. శుక్రవారానికి మార్చి ఇచ్చేయండి” అన్నాడు. ఆ మాటతో ముందు కిరణ్ పాల్ గుండె తేలికపడింది. ఇక ఆ గొంతు ఎక్కడా ఉండదు, ఎవరూ ఏమీ అడగరు. లిఫ్ట్ దిగి కారు దాకా వచ్చేసరికి ఆ తేలికదనమే అతన్ని భయపెట్టింది.

ఎందుకంటే, ఆ గొంతు కోసం మూడేళ్లుగా ఒక మనిషి అడుగుతోంది.

ఆమె లచ్చమ్మ, ఐలయ్య భార్య. 2021లో కరోనా వచ్చినప్పుడు ఐలయ్య దవాఖానాలో పోయాడు. మరుసటి ఏడు లచ్చమ్మ ఈ టవర్లో హౌస్‌కీపింగ్ పనికి చేరింది. పదకొండో అంతస్తు ఆమెదే. ఒకరోజు టీలు పెట్టుకునే ప్యాంట్రీలో మాటల మధ్య భర్త పేరు చెబితే కిరణ్ పాల్ ఉలిక్కిపడి, తనెవరో చెప్పాడు. లచ్చమ్మ కళ్లు మెరిశాయి. “ఆయన గొంతు మీ ఆటల ఉండెనట గదా సారు? మా ఫోన్ల అది ఎక్కకపాయె, నేను ఎన్నడు ఇనలే. జర ఒక్కసారి ఇనిపియ్యవా?” అంది.

కిరణ్ పాల్ ఆ పాత ఫోన్ పాడైందన్నాడు. తర్వాతెప్పుడో, చార్జర్ దొరకడం లేదన్నాడు. ఇంకోసారి, ఆట కొత్త ఫోన్లకు ఎక్కదన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉండేవి ఆ సాకులు. ఆ గొంతు మొదట్నుంచీ అతని ల్యాప్‌టాప్‌లోనే ఉంది. వినిపిస్తే, తన భర్త మాటని పట్టుకుని ఊరంతా నవ్విందని ఆమెకు తెలిసిపోతుంది. అదీ అతని భయం. లచ్చమ్మ మాత్రం ప్రతి సాకూ నమ్మి, “ఫికర్ చెయ్యకు సారు, దొరికినప్పుడే ఇనిపియ్యి” అనేది.

ఆ రాత్రి తెల్లాపూర్‌లోని ఇంటికి పోతూ, దారి పొడుగునా కిరణ్ పాల్ ఆ క్యాబ్‌నే తలుచుకున్నాడు. ఆరుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్లు. రోడ్డుకు రెండు వైపులా గుట్టలు, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుండే బండరాళ్లు. అతని ఆటలో ఆ రాళ్లు ఇంకా ఉన్నాయి, బయట లేవు. గొంతు రికార్డు చేసిన రోజు గుర్తుకొచ్చింది. లింగంపల్లి స్టేషన్ పక్కన క్యాబ్ ఆపి, అద్దాలు ఎత్తేసి, ప్రతి మాటకీ ఒక ‘గ’ తగిలించి తను రాసుకొచ్చిన కాగితం ఇస్తే ఐలయ్య చదివి పడీపడీ నవ్వాడు. “గిట్ల ఎవడు మాట్లాడ్తడు సారూ? నువ్వు రాసుడు బంజెయ్యి, నేను చెప్త ఇను” అని కాగితం మడిచి పక్కన పెట్టి, ఒక్క ఊపులో చెప్పేశాడు. అయ్యాక, “నా పేరు పడ్తదా ఆటల?” అని అడిగాడు. చిన్న తెర, చోటు చాలదన్నాడు కిరణ్ పాల్. తన పేరుకు మాత్రం చోటు చాలింది.

ఐలయ్య మీద బెంగ పుట్టింది అతనికి. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత బెంగ. ఆ మనిషి ఒక్కసారి గేటు దగ్గర హారన్ కొడితే, సాక్సులు కూడా వేసుకోకుండా పరుగెత్తాలనిపించింది.

మర్నాడు గురువారం. నాలుగు గంటలకు ప్యాంట్రీలో లచ్చమ్మ ఒక్కతే ఉంది, కప్పులు తుడిచి బోర్లిస్తోంది. కిరణ్ పాల్ లోపలికి వెళ్లి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“లచ్చమ్మ గారూ, నేను మీకు అబద్ధం చెప్పానండి” అన్నాడు. “ఐలయ్య గారి గొంతు నా దగ్గరే ఉంది. ఎప్పుడూ ఉంది.”

లచ్చమ్మ చేతిలో కప్పు ఆగింది.

“వినిపించాలంటే సిగ్గేసిందండి. ఆ ఆటలో ఆయన మాట్లాడే తీరు విని మేమంతా నవ్వేవాళ్లం. ఆయన యాస విని. నేను అందుకే పెట్టాను. మీకు తెలిస్తే...” అంటూ బోర్లించిన కప్పుల వైపు చూశాడు.

లచ్చమ్మ కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుని, అతని వంక చూసింది. ఆమె మూతి మీద సన్నటి నవ్వొకటి ఉంది.

“నాకెర్క లేదా సారు? ఆయనకెర్క లేదా?” అంది. “పొద్దుమీకి ఇంటికొచ్చి మొత్తం చేసి చూపిచ్చెటోడు. ఎవరెవరు ఎట్ల నవ్విన్రు, ఎవలు ఎట్ల మాట్లాడిన్రు, అన్ని. మీ ముచ్చటైతే రోజు ఉండేది.” గొంతు సవరించుకుని, అచ్చం గోదావరి యాసలో, మెడ కాస్త పక్కకు వంచి, “రెండే రెండు నిమిషాలండీ ఐలయ్య గారూ, వచ్చేత్తన్నానండీ, సాక్సులు కనపట్టం లేదండీ” అంది.

అది అచ్చంగా కిరణ్ పాల్ గొంతు. అతనికి ఇరవై అయిదేళ్లున్నప్పటి గొంతు.

“మా ఇంట్ల మీ పేరు సాక్సుల సారు” అంది లచ్చమ్మ. “పిల్లలు దాగుడుమూతలాడితే, దొరికినోడు సాక్సుల సారు. మీరు ఆయన్ని చూసి నవ్విన్రు, మేము మిమ్మల్ని చూసి నవ్వినం. చెల్లుకు చెల్లు. ఇంతదానికి మూడేండ్లు పరేషానైనవా?”

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పదహారేళ్ల కిందట ఒక గదిలో తను ఒక్కడే ఆట తయారుచేశాననుకున్నాడు. ఇంకో గదిలో, తన మీద తయారైన ఆటని ఐలయ్య పిల్లలు అప్పట్లోనే ఆడుకున్నారు, అదీ తనదానికంటే బాగున్నది.

ఫోన్లో ఆట తెరిచి లచ్చమ్మ చేతికిచ్చాడు. ఫోన్ మోగింది. లచ్చమ్మ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూస్తూ ఉంది. రెండోసారి మోగింది. మూడోసారి మోగింది. తెర మీద క్యాబ్ వెళ్లిపోయింది.

“ఏది సారు, మాట్లాడకపాయె?”

“ఎత్తాలండి. ఎత్తితేనే మాట్లాడతారు.”

“ఎత్తితే తిడ్తడు గదా!” అని నవ్వింది లచ్చమ్మ. ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది. స్టూలు పక్కనే నేల మీద కూలబడినట్టు కూర్చుంది.

“ఆయన ఫోను నేను ఎన్నడు ఎత్తలే సారు” అంది. “ఒక్క రింగిస్తే బయల్దేరిన అని. రెండిస్తే బియ్యం కడుగు అని. మూడిస్తే ఆల్సెమైతది, మీరు తిని పండుకోండ్రి అని. మా కాపురమంత గా రింగుల్లనే నడిచింది. దవాఖానల ఏసినప్పుడు నన్ను లోపటికి రానియ్యలే. బయట చెట్టు కింద కూసున్న. ఫోన్ మోగింది. ఒకటి. రెండు. మూడు. ఆగలే. నాలుగు, అయిదు... నేను చేతుల పట్టుకొని లెక్కపెడ్తున్న సారు, అయిదంటే ఏం చెప్తుండు, ఆరంటే ఏం చెప్తుండు అని. ఆగిపాయె. మళ్ల నేను చేస్తే ఎత్తలే.”

“అప్పటికి ఫోన్లు ఉత్తగనే అయినయ్, ఎత్తినా పైసలు పోవు. నాకు తెల్వకనా? చెయ్యి రాలే సారు.”

కిరణ్ పాల్ ఆమె చేతిలోని ఫోన్ తీసుకుని, ఆటని మళ్లీ మొదటికి తెచ్చి, మళ్లీ ఇచ్చాడు. ఫోన్ మోగింది.

“ఎత్తండి” అన్నాడు.

లచ్చమ్మ బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుంది. ఎత్తింది.

“ఎత్తినవా? ఎందుకెత్తినవ్ సారూ? రింగు చూసి దిగుమన్న గని ఎత్తుమన్ననా? ఏం మునిగిపోయిందని ఎత్తినవ్?” ఐలయ్య ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడింది. ఇన్నేళ్లూ నవ్వుల కింద పడి ఎవరికీ వినపడని ఆ చివరి ముక్కలు వచ్చాయి. “నిన్ను ఇడిచిపెట్టి యాడికన్న పోత అనుకున్నవా? ఈడ్నే ఉన్న, గేటు కాడ. నిమ్మలంగ రా.”

లచ్చమ్మ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. “ఎత్తిన” అంది దానితో. “ఎత్తిన గదా.” ఆమె చెంపలు తడిసిపోయాయి, అయినా తుడుచుకోలేదు.

చాలాసేపటికి ఫోన్ కిందికి దించి తెర వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

“ఈడ ఏం రాసున్నది సారు?”

“ఆట అయిపోయింది అని.”

“ఎత్తితే ఎందుకైపోవాలె సారు?” అంది లచ్చమ్మ.

కిరణ్ పాల్ సీటుకు తిరిగి వచ్చి పార్థసారథికి మెయిల్ రాశాడు. గొంతు ఉంటుంది, ఐలయ్య పేరు మొదటి తెర మీద ఉంటుంది, ఒప్పుకోకపోతే తన ఆట తనకు వదిలేయమన్నాడు. పాత ఆటల వరసలో ఒకటి తగ్గినంత మాత్రాన కంపెనీ మునగదు కనుక, పార్థసారథి “మీ ఇష్టమండీ” అని వదిలేశాడు. ఆ సాయంత్రం నవనీతని పక్కన కూర్చోబెట్టుకుని, ఐలయ్య మాటల్ని చివరిదాకా వినిపించి, సంగతంతా చెప్పాడు. నవనీత కీబోర్డు తన వైపు లాక్కుంది.

ఇద్దరూ కలిసి ఒకే ఒక్క నియమం మార్చారు. ఎత్తితే ఆట అయిపోదు. ఐలయ్య తిట్టినంతసేపు తిట్టి, గేటు దగ్గర ఆగే ఉంటాడు. ఎంత ఆలస్యంగా దిగినా క్యాబ్ కదలదు.

“ఇగ ఇందుల ఆటేముందన్నా? గెలుసుడు లేదు, ఓడుడు లేదు” అంది నవనీత.

“లేదు” అన్నాడు కిరణ్ పాల్.

శుక్రవారం పొద్దున అతను ఆ ఆటని లచ్చమ్మ ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. మధ్యాహ్నం టీ కోసం ప్యాంట్రీ వైపు వెళ్తుంటే, మూసి ఉన్న తలుపు వెనక లచ్చమ్మ ఫోన్ మోగడం వినపడింది. కిరణ్ పాల్ అక్కడే ఆగి, తెలియకుండానే లెక్కపెట్టాడు. ఒకటి. రెండో రింగు మోగలేదు.